పని మధ్యలో ఎవరైనా పిలిస్తే, ఎక్కడ ఆపామో తెలిసే పద్ధతి ఏదైనా ఉందా?

బెంగళూరులో విమానాల లైన్ మెయింటెనెన్స్ (ఫ్లైట్ల మధ్య చేసే చెకింగ్, రిపేర్లు), నైట్ షిఫ్ట్. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య, తొలి ఫ్లైట్ల ముందు, పని సగంలో ఉండగానే "ఆ విమానం ఎప్పుడిస్తారు?" అని ఫోన్, లేదా పక్క బే నుంచి పిలుపు. తిరిగొచ్చేసరికి బోల్టు చేత్తో తిప్పి వదిలేశారో, టార్క్ కూడా వేశారో (అంటే రెంచ్‌తో చెప్పినంత బలంతో బిగించారో) తెలీదు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఈమధ్య అలాంటి వదులు బోల్టు ఒకటి ఇన్‌స్పెక్షన్‌లో దొరికింది. అదృష్టం, ప్యానెల్ ఇంకా మూయలేదు.

ఎర్ర ట్యాగ్ పెట్టాం, హడావిడిలో కట్టడమే మర్చిపోతున్నారు. టార్క్ వేశాక పెయింట్ గీత గీస్తున్నాం, ఇరుకు చోట్ల టార్చి వేసినా సరిగా కనపడదు. మూడు స్టెప్పులు వెనక్కెళ్లి మొదలుపెట్టమన్నాం, టైమ్ లేనప్పుడు ఎవరూ వినరు. టాస్క్ కార్డులో (ఒక్కో స్టెప్పు అయ్యాక సంతకం పెట్టాల్సిన షీట్) సంతకాలన్నీ చివర్లో ఒకేసారి పడుతున్నాయి, నాకు అసలు టెన్షన్ అదే. 1990లో బ్రిటన్‌లో గాల్లో ఊడిపోయిన కాక్‌పిట్ అద్దం కూడా రాత్రి షిఫ్టులో బిగించిందే. 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికంటే సన్నవి. కెప్టెన్ సగం బయటికి వెళ్లిపోయి కూడా బతికారు.

మధ్యలో వెళ్లిన మనిషి ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా, సగంలో ఆగిన పని తర్వాత వచ్చినవాళ్లకు కంటికి కనపడేలా మీ దగ్గర నిజంగా పనిచేసిన పద్ధతి ఏది?