సిలికా కణాలన్నీ ఒకే సైజు గోళాలుగా రావాలంటే ఏం మార్చాలి?

మీసోపోరస్ సిలికా (నానో సైజు రంధ్రాలుండే సిలికా) చేస్తున్నాను. నీళ్లలో సీటాబ్ (రంధ్రాలకు అచ్చుగా పనిచేసే, సబ్బులాంటి రసాయనం) కరిగించి, అమోనియా కలిపి, 80 డిగ్రీల దగ్గర కలుపుతూ టీఈఓఎస్ (సిలికాగా మారే ద్రవం) చుక్కలుగా వేస్తున్నాను, కాసేపటికే ద్రావణం పాలలా తెల్లబడుతోంది. రంధ్రాలు బాగానే ఉన్నాయి, 2-3 నానోమీటర్లు. కానీ టీఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) చూస్తే ఒకే బ్యాచ్‌లో 100 నానోమీటర్ల గోళాల పక్కనే పొట్టి కడ్డీలు కనిపిస్తున్నాయి, మందు మోసే కణాలకు ఇది అస్సలు పనికిరాదు. ఆ వేడికి అమోనియా ఆవిరైపోయి పీహెచ్ పడిపోతోందని నా అనుమానం. సోడియం హైడ్రాక్సైడ్‌కి మారితే సైజు అదుపులోకి వస్తుందా, లేక ట్రైఇథనాలమైన్ అనే మరో క్షారం వాడటమే మేలా? ఇంకోటి, సీటాబ్ పోవడానికి 550 డిగ్రీల్లో కాల్చాక కణాలు అతుక్కుపోయి మళ్లీ నీళ్లలో విడిపోవట్లేదు. కాల్చకుండా అమోనియం నైట్రేట్ కలిపిన ఇథనాల్‌తో సీటాబ్ మొత్తం తీసేయొచ్చా? స్వయంగా చేసినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.