కొవిడ్ మహమ్మారి ఏడాదిలో (2020) పిల్లల గురి తగ్గించమనడం సాయమా, అన్యాయమా?

పన్నెండో తరగతి అమ్మ:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో నెల రోజులుగా తెగని వాదన ఒకటి మీ ముందు పెడుతున్నాను.

మా అమ్మాయికి పదిహేడేళ్లు. అమెరికా యూనివర్సిటీలకు అప్లై చేస్తోంది. వందమంది అడిగితే అయిదారుగురికి సీటిచ్చేవి నాలుగు, కాస్త తేలికైనవి ఎనిమిది, మొత్తం పన్నెండు దాని లిస్టులో ఉన్నాయి. చాలావాటికి జనవరి 1తో గడువు ముగుస్తుంది. మార్చి నుంచి బడి అంటే లాప్‌టాప్ తెరే. వాటి కోసం రాయాల్సిన ప్రవేశ పరీక్ష మూడుసార్లు రద్దయింది.

మొన్న రాత్రి రెండింటికి మంచినీళ్లకని లేస్తే దాని గది తలుపు కింద వెలుతురు కనిపించింది. లోపలికి వెళ్లాను. అప్లికేషన్‌లో పెట్టాల్సిన వ్యాసం తెరిచి ఉంది. ఒక వాక్యం టైప్ చేస్తోంది, చెరిపేస్తోంది, మళ్లీ అదే వాక్యం టైప్ చేస్తోంది. నన్ను చూసి, "అమ్మా, నాకు రాయడానికి ఏమీ లేదు. ఈ ఏడాది నేనేమీ చెయ్యలేదు" అంది. ఏడవలేదు. ఏడ్చినా నాకు కాస్త తేలికగా ఉండేది.

మా వారి మాట ఏమిటంటే, పైన ఉన్న నాలుగూ తీసేద్దాం, వచ్చేవాటికే పెడదాం, పిల్ల ఆరోగ్యం కన్నా ఏదీ ఎక్కువ కాదు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఇన్నేళ్లు కష్టపడిన పిల్లకు ఆఖరి నెలలో "నువ్వు చాలవు" అని కన్నవాళ్లమే చెప్పినట్టు కాదా? మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
అమ్మా, ఇరవై ఏళ్లుగా పెద్ద తరగతులకు పాఠం చెబుతున్నాను. ఈసారికి మీ వారి మాటే సరైనదని నా అభిప్రాయం. కారణం చెబుతాను.

ఈ ఏడాది లెక్క మామూలు లెక్క కాదు. అమెరికాలో పెద్ద పేరున్న యూనివర్సిటీలన్నీ దాదాపుగా పరీక్ష స్కోరు పంపకపోయినా పర్వాలేదన్నాయి. అది దయతో చేసిందే. కానీ స్కోరు భయంతో ఆగిపోయేవాళ్లు కూడా ఇప్పుడు అప్లై చేస్తారు. సీట్లు మాత్రం పెరగవు. దానికి తోడు, ఒక్క హార్వర్డ్‌లోనే సీటొచ్చిన పిల్లల్లో 340 మందికి పైగా ఈ ఏడాది చేరకుండా వాయిదా వేసుకున్నారు. వాళ్లకు మళ్లీ చోటు చూపించాలి కదా. మీ అమ్మాయి ఎంత తెలివైనదైనా ఈ గుంపులో అది దాని చేతిలో ఉండే విషయం కాదు.

నా క్లాసులో పిల్లలు ఇప్పుడు నల్లటి గడుల్లో తెల్లటి పేర్లు. నిరుడు మాటకు ముందు చెయ్యెత్తిన పిల్లవాడు ఈ రోజు పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే "ఉన్నాను సార్" అంటాడు, అంతే. ఆ గడి వెనక ఏముందో నాకు కనబడటం లేదు. అందుకే బరువు దించమంటున్నాను. పట్టా మళ్లీ సంపాదించుకోవచ్చు.

ఇద్దరు పిల్లల తండ్రి:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నాను. పిల్లల గురి తగ్గించే పని వ్యవస్థలు ఇప్పటికే బాగా చేస్తున్నాయి. ఇంట్లో మనం కూడా చెయ్యి వెయ్యాలా?

ఇంగ్లండ్‌లో ఏమైందో చూశాం. అక్కడ బడి చివర్లో, యూనివర్సిటీ సీటు కోసం రాసే 'ఎ-లెవెల్' పరీక్షలు రద్దు చేసి, టీచర్లను అంచనా గ్రేడ్లు ఇవ్వమన్నారు. వాటిని మళ్లీ ఒక అల్గారిదమ్‌తో సవరించారు. ఆగస్టు 13న ఫలితాలు వచ్చేసరికి దాదాపు 40 శాతం గ్రేడ్లు టీచరిచ్చిన దానికన్నా దిగిపోయాయి. ఆ బడిలో గత ఏళ్ల పిల్లలు ఎలా రాశారన్నది ఆ లెక్కలో పెద్ద భాగం. అంటే మామూలు బడిలో మెరికలాంటి పిల్ల ఉంటే, తనకు ముందు అక్కడ చదివినవాళ్ల మార్కులు తన నెత్తిన పడ్డాయి. పిల్లలు రోడ్డెక్కారు. నాలుగు రోజులకు, 17న, టీచర్ల గ్రేడ్లే ఉంచుతామని ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఈలోగా కొందరికి దక్కాల్సిన సీటు వేరేవాళ్లకు వెళ్లిపోయింది.

ఆ నాలుగు రోజులు ఆ పిల్లల ఇళ్లలో "మేం ముందే చెప్పాం కదా" అన్న తల్లిదండ్రులూ ఉండి ఉంటారు, "ఇది నీ తప్పు కాదు" అన్నవాళ్లూ ఉండి ఉంటారు. రెండో ఇంట్లో పిల్లే నిలదొక్కుకుంటుందని నా నమ్మకం. అమ్మా, మీరు చెప్పిందే సబబు. లిస్టు ముట్టుకోకండి.

ఫస్టియర్ అమ్మాయి:
ఆంటీ, నేను ఈ ఏడాదే కాలేజీలో చేరాను. హాస్టల్ లేదు, ఇంట్లోంచే క్లాసులు. మీ అమ్మాయి ఉన్నచోటే నిరుడు నేనున్నాను కాబట్టి రాస్తున్నాను.

మా నాన్న మంచి ఉద్దేశంతోనే నా వ్యాసాన్ని ఒక రాత్రి మొత్తం తిరగరాశారు. పొద్దున చదివితే భాష చాలా గొప్పగా ఉంది. అందులో నేను లేను. "బాగుంది నాన్నా" అన్నాను గానీ, నేను రాసింది పనికిరాదని అప్పుడే మనసులో పడిపోయింది. అది పోవడానికి చాలా రోజులు పట్టింది.

అమ్మ చేసింది వేరు. వేసవిలో ఇంటి నుంచి రాసిన ఒక ఆన్‌లైన్ పరీక్షలో చేత్తో రాసిన జవాబు ఫోన్‌తో ఫొటో తీసి ఎక్కించాలి. నా ఫోన్ తీసే ఫొటో ఫార్మాట్‌ను ఆ సైట్ తీసుకోలేదు. మిగిలిన అయిదు నిమిషాలూ తెర మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది, ఆ తర్వాత టైమ్ అయిపోయిందని వచ్చింది. నాకు చేతులు వణికాయి. అమ్మ ఏమైందని కూడా అడగలేదు. నన్ను పడుకోమని, సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టుకుని రెండు గంటలు కూర్చుంది. నేను లేచేసరికి మళ్లీ రాసే తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టింది. మీరు లిస్టు గురించి వాదించుకుంటున్నారు. నాకైతే గుర్తున్నది ఆ కాగితం.

లెక్కల మాస్టారు:
ఈ అమ్మాయి చెప్పింది నా మనసుకు తాకింది. వ్యాసం పెద్దవాళ్లు తిరగరాయకూడదన్న దాంట్లో రెండో మాట లేదు.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. చైనాలో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్‌ను నెల రోజులు వెనక్కి జరిపి జులై 7న మొదలుపెట్టారు, కోటీ ఏడు లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. కొరియాలో నవంబర్ 19న జరగాల్సిన అలాంటి పరీక్షే, సునుంగ్, ఈ డిసెంబర్ 3న జరిగింది. బల్లల మీద అడ్డు తెరలు పెట్టారు, కొవిడ్ వచ్చిన పిల్లలను ఆసుపత్రుల్లోనే రాయించారు. కష్టమే. కానీ అక్కడ పరీక్ష ఒకటి, తేదీ ఒకటి. ఈ పన్నెండు దరఖాస్తుల పద్ధతిలో పిల్ల నెలల తరబడి రోజూ తనను తాను అమ్ముకోవాలి. ఆ అలసట వేరు.

నీట్ రాసిన అబ్బాయి తండ్రి:
మాస్టారూ, తేదీ ఒకటే అన్నారు గనక చెబుతున్నాను. మావాడు మే 3కి సిద్ధమయ్యాడు. అది జులై 26 అయింది. జులై వచ్చేసరికి సెప్టెంబర్ 13 అయింది. నాలుగు నెలలు అవే పుస్తకాలు, అట్టలు ఊడిపోయి టేపులు వేసుకున్నాడు. వాయిదా పడుతుందా లేదా అని రోజూ ఫోన్లో వెతికేవాడు. చివరికి ఆ వార్త చూసే పని నేను తీసుకున్నాను. "ఏదైనా ఉంటే రాత్రి భోజనం దగ్గర నేనే చెబుతాను, నువ్వు చూడకు" అన్నాను. అప్పటి నుంచి నిద్రపోయాడు. అంతకన్నా నాకు చేతనైంది ఏమీ లేదు.

నైట్ డ్యూటీ:
ఆసుపత్రిలో నర్సుగా చేస్తాను. ఇది చదువుతుంటే కొంచెం బాధేసింది, దాచుకోను. మీరందరూ ఇంట్లో ఉండి పిల్లలను చూసుకుంటున్నారు. మా బాబుకు సొంత గది లేదు. ఉన్న ఒక్క లాప్‌టాప్ చెల్లెలి క్లాసుకు పోతుంది, వాడు ఫోన్లో వింటాడు. నేను డ్యూటీ నుంచి వచ్చాక వేరే గదిలో ఉంటాను, వాడితో తలుపు అవతల నుంచే మాట్లాడతాను. మధ్యాహ్నం చెల్లెలికి అన్నం పెట్టేది, హోంవర్క్ చేయించేది వాడే. వాళ్ల నాన్న ఉద్యోగం ఏప్రిల్‌లో పోయింది.

వీటిలో ఒక్కటి కూడా అప్లికేషన్‌లో రాయనన్నాడు. "జాలి కోసం అడిగినట్టుంటుంది అమ్మా" అన్నాడు. గురి తగ్గించాలా వద్దా అని మీరు అడుగుతున్నారు. మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగే తీరిక కూడా లేదు. ఫారం నింపితే చాలనుకుంటున్నాం.

ఇద్దరు పిల్లల తండ్రి:
అమ్మా, బాబుకు ఈ మాట చెప్పండి. ఈ జూన్‌లో అమెరికాలో 300 మందికి పైగా అడ్మిషన్ డీన్లు, అంటే కాలేజీల్లో సీట్లిచ్చే విభాగాల పెద్దలు, కలిసి సంతకం పెట్టి ఒక ప్రకటన ఇచ్చారు. ఈ ఏడాది క్లబ్బులు, పోటీలు లేవని ఎవరినీ తక్కువ చెయ్యం, ఇంటి బాధ్యతలు మోసినదాన్ని విలువైన పనిగానే చూస్తామని దాని సారాంశం. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవడం కూడా అందులోకే వస్తుంది. అది జాలి అడగడం కాదు, చేసిన పని చెప్పడం.

లెక్కల మాస్టారు:
ఇది నిజం. కామన్ యాప్‌లో, అంటే చాలా యూనివర్సిటీలకు కలిపి అప్లై చేసే ఆన్‌లైన్ ఫారంలో, ఈ ఏడాది కొవిడ్ గురించి విడిగా 250 పదాల చోటు ఇచ్చారు, రాసి తీరాలనేం లేదు. నా దగ్గరకు వచ్చే పిల్లలకు ఒకటే చెబుతున్నాను. అక్కడ కవిత్వం వద్దు, జరిగింది రాయండి. పరీక్ష ఎన్నిసార్లు రద్దయింది, బడి మార్కులు ఆపేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఇచ్చిందా, ఇంట్లో ఏ పని మీద పడింది, చదువుకోవడానికి ఏం దొరకలేదు. ఆరేడు వాక్యాలు చాలు. అక్కడ ఇవి రాసేస్తే అసలు వ్యాసంలో మహమ్మారి ఊసే అక్కర్లేదు, పిల్లకు ఇష్టమైనది ఏదైనా రాసుకోవచ్చు. ఈ బాబు ఆ చోటు ఖాళీగా వదలకూడదు. అమ్మా, వాడి టీచర్‌తో కూడా చెప్పండి, సిఫారసు ఉత్తరంలో ఆయన రాస్తే బాబు నోటితో చెప్పుకోవాల్సిన భారం తగ్గుతుంది.

పన్నెండో తరగతి అమ్మ:
రెండు రోజులు మాట్లాడలేదు, క్షమించండి. మీరు రాసినవన్నీ మా వారికి కూడా చదివి వినిపించాను.

నిన్న సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. మేం వాదించుకోకుండా లిస్టు దాని ముందు పెట్టి, "ఇందులో ఏది నీది?" అని అడిగాను. చాలాసేపు చూసింది. తర్వాత పెన్సిల్‌తో రెండు కొట్టేసింది. పైన ఉన్న నాలుగింటిలో రెండు. మా వారు తీసేయమన్నవాటిలో రెండు కదా అని ఆయన ముఖం వెలిగింది. ఇంతలో అది నా వైపు తిరిగి, "ఇవి నీవమ్మా. పేరు విని నువ్వు సంతోషపడ్డావని పెట్టాను" అంది. మిగతా రెండూ మాత్రం తియ్యనంది. వాటిలో ఒకటి అన్నిటికన్నా కష్టమైనది. అక్కడ సముద్రం మీద పరిశోధన చేసే విభాగం ఉందట, అది ఎప్పటి నుంచి చూసుకుంటోందో మాకు తెలియనే తెలియదు.

నెల రోజులుగా దాని గురి కోసం పోట్లాడుతున్నాననుకున్నాను. అందులో సగం నాది. ఇది ఇక్కడ రాయడం కష్టంగా ఉంది, కానీ మీరందరూ దాపరికం లేకుండా చెప్పారు కాబట్టి నేనూ చెప్పాలి.

ఇప్పుడు పని పంచుకున్నాం. ఏ యూనివర్సిటీకి ఏ కాగితం, ఏ గంటకు గడువు, ఏ సమయ మండలం ప్రకారం అన్నది చూడటం మా వారి పని. ఆయన పట్టిక వేశారు. పోర్టల్‌లో ఏది చేరింది, ఏది చేరలేదు అని చూడటం, ఈమెయిళ్లు రాయడం నాది. వ్యాసం జోలికి ఎవరం వెళ్లం. రాత్రి పన్నెండుకు లాప్‌టాప్ హాల్లో పెట్టాలని అదే షరతు పెట్టుకుంది. నిన్న పన్నెండున్నరకు పెట్టింది.

లెక్కల మాస్టారు:
అమ్మా, పిల్లే కొట్టేసింది కాబట్టి నేను కాదనను. బయటి నుంచి ఎవరో తగ్గించడం, తనే ఎంచుకోవడం ఒకటి కావు, అది నేను ముందే గమనించాల్సింది. ఒక్క హెచ్చరిక. ఆ మిగిలిన రెండూ రాకపోవడానికే అవకాశం ఎక్కువ. మార్చి చివర్లో ఫలితాలు వచ్చే రోజు ఏం మాట్లాడాలో ఇప్పుడే ఇద్దరూ అనుకుని ఉంచుకోండి. ఆ రోజుకు మాటలు దొరకవు.

పన్నెండో తరగతి అమ్మ:
తప్పకుండా మాస్టారూ.

నైట్ డ్యూటీ గారూ, మీకు ఒక మాట. మా వారు వేసిన పట్టికలో వరుసలు చాలా ఖాళీగా ఉన్నాయి. మీ బాబు యూనివర్సిటీల పేర్లు పంపండి, గడువులు, కావాల్సిన కాగితాలు, ఫీజు మినహాయింపు ఎలా అడగాలో అన్నీ నేను చూసి రాసి పంపుతాను. బాబు రాసింది నేను చదవను, ఫారాల పని మాత్రమే చేస్తాను. మొహమాటపడకండి.

నైట్ డ్యూటీ:
అక్కా, ఏడు పేర్లు ఉన్నాయి. ఆదివారం పొద్దున ఎనిమిదికి డ్యూటీ దిగుతాను. వాడిని అడిగి అప్పుడు పంపిస్తాను.