సీఓపీడీ న్యూట్రోఫిల్స్: ఏమీ కలపకుండానే యాక్టివేట్ అవుతున్నాయి

ప్రశ్న: సీఓపీడీ (గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగుల రక్తం నుంచి వేరు చేసిన న్యూట్రోఫిల్స్‌లో (ఒక రకం తెల్లరక్తకణాలు), ఉద్దీపన ఇవ్వని ట్యూబులోనే సీడీ62ఎల్ (కణం యాక్టివేట్ అయితే ఊడిపోయే ఉపరితల ప్రోటీన్) పడిపోతోంది, సీడీ11బి (యాక్టివేట్ అయితే పెరిగే ఉపరితల ప్రోటీన్) పెరుగుతోంది. జబ్బు వల్లా, మా పద్ధతి వల్లా? కఫంలోని కణాలు వాడితే నయమా?

జవాబు 1: ముందు పద్ధతినే అనుమానించండి. వేరు చేయకముందే 100 మైక్రోలీటర్ల రక్తాన్ని ఐస్ మీద స్టెయిన్ చేసి చూడండి. అందులో సీడీ62ఎల్ నిండుగా ఉంటే లోపం తర్వాతి దశల్లోదే. ఎర్రకణాలను పగలగొట్టేటప్పుడు 0.2% ఉప్పునీటిలో 30 సెకన్లు దాటనివ్వొద్దు, వెంటనే అంతే పరిమాణంలో 1.6% పోయాలి. వోర్టెక్స్ (ట్యూబును వేగంగా కుదిపి కలిపే యంత్రం) జోలికి పోవద్దు. చల్లబరచి మళ్లీ వేడి చేసినా సీడీ11బి ఎగబాకుతుంది. వాష్‌లకు కాల్షియం, మెగ్నీషియం లేని బఫర్ వాడండి, కీమోటాక్సిస్ (రసాయన సంకేతం వైపు కణాలు కదిలే తీరు) పరీక్షకు ముందు మాత్రం రెండూ తిరిగి కలపాలి. లేకుంటే ఇంటిగ్రిన్లు (కణాలు అతుక్కోవడానికి వాడే ప్రోటీన్లు) పట్టుకోవు.

జవాబు 2: మందుల చీటీ కూడా చూడండి. ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) మాత్రలు వాడుతున్నవాళ్లలో సీడీ62ఎల్ దానంతటదే తగ్గుతుంది. కంట్రోల్స్‌లో అదే వయసు వాళ్లతో పాటు జబ్బు లేని పొగతాగేవాళ్లూ ఉండాలి.

జవాబు 3: ఈ పనికి కఫం వద్దు. ఆ కణాలు ఊపిరితిత్తుల్లోకి వస్తూనే యాక్టివేట్ అయిపోయి ఉంటాయి. పైగా కఫాన్ని పలచబరచడానికి కలిపే 0.1% డీటీటీ, ప్రోటీన్లలోని డైసల్ఫైడ్ బంధాలను తెంచుతుంది కాబట్టి కొన్ని ఉపరితల మార్కర్లు అసలు కనబడవు. కణాల లెక్కకైతే సరే. స్క్వామస్ కణాలు (నోటి లోపలి పొర కణాలు) ఎక్కువుంటే ఆ నమూనా పక్కన పెట్టేయండి, అది ఎక్కువగా ఉమ్మే.