నాలుగున్నర గంటల లెక్క ఎక్కడిది?

దేవరకొండ నుంచి:
పోయిన నెల పొద్దున ఆరింటికి నాయన కుడిచేతిలోంచి చాయ్ గ్లాసు జారిపోయింది. మూతి ఎడమకు వంకర పోయింది. గాలి సోకిందంటూ పసరు మందు కోసం తిరిగి రెండు గంటలు పోగొట్టుకున్నాం. నల్లగొండ చేరేసరికి పదకొండు. పక్షవాతమని, మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల టైమ్ దాటిందన్నారు. అరగంటకే అంత తేడానా?

మిర్యాలగూడ, స్టాఫ్ నర్సు:
అన్నా, రక్తం అందని మెదడు నిమిషనిమిషానికీ చచ్చిపోతుంటుంది. ఆలస్యమైతే మందుతో లాభం తగ్గి, రక్తస్రావం భయమే మిగులుతుంది. 1995లో అమెరికా ట్రయల్ (రోగులకు మందు ఇచ్చి చేసే పరీక్ష) మూడు గంటల లోపు ఇస్తే మేలని తేల్చింది. 2008లో యూరప్ ట్రయల్ నాలుగున్నరకు పెంచింది. ముందు మెదడుకు సీటీ స్కాన్ తప్పదు. రక్తనాళం చిట్లి ఉంటే అదే మందు ప్రాణం తీస్తుంది.

మహబూబ్‌నగర్ నుంచి:
పెద్ద రక్తనాళం మూసుకుంటే గజ్జల్లోంచి సన్నని గొట్టం పంపి గడ్డ లాగుతారు. స్కాన్‌లో మెదడు ఇంకా బతికుందని కనిపిస్తే, 2018 ట్రయల్స్ తర్వాత కొందరికి 24 గంటల దాకా చేస్తున్నారు. అది అడిగారా?

దేవరకొండ నుంచి:
అడగాలని తెలియదన్నా. నిన్న నాయన కుడిచేత్తో చెంచా పట్టాడు. ఫిజియోథెరపీ ఆపం.