అప్‌డేట్: స్ట్రాట్ గిటార్ పికప్‌లు మార్చాక స్విచ్ 2, 4 పొజిషన్లలో సౌండ్ పలచబడిపోయిన సంగతి

పోయిన వారం అడిగాను కదా, నా స్ట్రాట్ ఎలక్ట్రిక్ గిటార్‌లో మూడు సింగిల్ కాయిల్స్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, ఒకే వైరు చుట్ట ఉన్న పికప్‌లు) మార్చాక ఒక్కొక్కటీ విడిగా బాగానే మోగుతోంది గానీ స్విచ్‌లో రెండు పికప్‌లు కలిసే 2, 4 పొజిషన్లలో మాత్రం బేస్ అంతా పోయి ముక్కుతో పాడినట్టు వస్తోందని. ఫేజ్ తేడా (రెండు పికప్‌ల సిగ్నళ్లు ఎదురెదురై ఒకదాన్నొకటి తగ్గించేయడం) అన్నవాళ్లే కరెక్ట్. మధ్య పికప్ వేరే సెట్‌లోది, దాని రెండు వైర్లూ అటుదిటు ఇటుదటు మార్చి పెట్టగానే సౌండ్ నిండుగా వచ్చేసింది. ప్లాస్టిక్ కవర్ కాబట్టి సరిపోయింది, మెటల్ కవర్ గ్రౌండ్ (ఎర్త్) వైర్‌కి కలిసి ఉంటే ముందు దాన్ని విడదీయాలి.

అసలు చుక్కలు చూపించింది మాత్రం వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే కంట్రోల్) వెనక గ్రౌండ్ వైర్ టంకం. నా 25 వాట్ల టంకం ఐరన్‌తో ఎంతసేపు పెట్టినా సీసం ఉండలు కట్టి ఊడిపోయేది, ఎందుకంటే పాట్ వెనక రేకు వేడినంతా లాగేసుకుంటుంది. పక్కింటి టీవీ మెకానిక్ అన్న దగ్గర 60 వాట్లది తెచ్చి, పాట్ వెనక గరుకు కాగితంతో గీకి, కొంచెం ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి రాసేది) రాస్తే నాలుగు సెకన్లలో అతుక్కుంది. గిటార్ మీద పాత టవల్ కప్పడం మర్చిపోయాను, పెయింట్ మీద చిన్న మచ్చ పడింది, సర్లే.

తీగలు వదిలేస్తే కాస్త గుయ్‌మంటోంది, ముట్టుకుంటే తగ్గుతోంది. సింగిల్ కాయిల్ అంటే అంతేగా, వదిలేశాను.