ఆఫీసు సర్వర్ బ్యాకప్ బయట పెట్టాలి: 600 జీబీ, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్

ప్రశ్న:
ఉన్నది ఒకే ఉబుంటు సర్వర్. ఫైళ్లు 600 జీబీ, వాటిలో రోజుకు 3 జీబీ దాకా మారతాయి. బిల్లింగ్‌కి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, డంప్ (అందులోని డేటా అంతా ఒక ఫైల్‌గా) తీస్తే 40 జీబీ. డిస్కులు రెయిడ్ 1లో (ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ) ఉన్నాయి. రాత్రి ఒంటిగంటకు అదే గదిలోని నాస్‌కి (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె) ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్) నడుస్తుంది. గది తగలబడితే రెండూ పోతాయి. డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. నెట్‌లో పంపాలా, డిస్కులు మోసుకెళ్లాలా?

జవాబు 1:
రెండూ చేయాలండీ. 10 ఎంబీపీఎస్ (సెకనుకు 10 మెగాబిట్లు) అంటే గంటకు 4.5 జీబీ, అదీ కాగితం మీద. చేతికొచ్చేది 4 అనుకోండి. 600 జీబీ ఎక్కాలంటే ఆరు రోజుల పైనే. అందుకని మొదటి కాపీని లైన్ మీద పంపకండి. 2 టీబీ యూఎస్‌బీ డిస్కులో రెస్టిక్ (బ్యాకప్ ప్రోగ్రామ్) రిపాజిటరీ, అంటే అది బ్యాకప్‌లు దాచే ఫోల్డర్, తయారుచేసి, బయటి మెషిన్ దగ్గరికి తీసుకెళ్లి ఆ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయండి. ఆ తర్వాత సర్వర్‌లో రిపాజిటరీ అడ్రస్ మారిస్తే చాలు, మారిన ముక్కలే వెళ్తాయి. 3 జీబీకి ముప్పావుగంట.

పగటిపూట దాకా సాగితే ఆఫీసు కాల్స్ తెగుతాయి. రెస్టిక్‌లో లిమిట్ అప్‌లోడ్ 800 పెట్టండి. ఆ అంకె సెకనుకు కిలోబైట్లలో, కిలోబిట్లలో కాదు.

రెయిడ్‌ని బ్యాకప్ లెక్కలోకి తీసుకోకండి. ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ ఉంటే, సాయంత్రం పొరపాటున చెరిపిన ఫోల్డర్ ఒంటిగంటకు నాస్‌లోనూ మాయం.

జవాబు 2:
పై లెక్కలో డంప్ రాలేదు. నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ని నేరుగా కాపీ చేయకూడదు, పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ డంప్ కమాండ్‌తోనే తీయాలి. కస్టమ్ ఫార్మాట్ వాడండి, కానీ కంప్రెషన్ (కుదింపు) 0 పెట్టండి. కుదించిన డంప్‌లో ఒక్క వరుస మారినా ఆ టేబుల్‌లో తర్వాతి బైట్లన్నీ మారిపోతాయి. రెస్టిక్‌కి అది కొత్త డేటాయే, ప్రతి రాత్రీ మళ్లీ మొత్తం మోస్తుంది. కుదించకుండా ఇస్తే మారని ముక్కల్ని గుర్తుపట్టి వదిలేస్తుంది, పంపేవాటిని తనే కుదిస్తుంది (0.14 వెర్షన్ నుంచి, రిపాజిటరీ ఫార్మాట్ 2లో).

పాత స్క్రిప్టులో డంప్‌ని నేరుగా జీజిప్ అనే కుదించే ప్రోగ్రామ్‌లోకి పైప్ చేస్తున్నారేమో చూడండి. డంప్ ఫెయిలైనా జీజిప్ తన పని అయిందనే చెబుతుంది, క్రాన్‌కి (వేళకి స్క్రిప్టు నడిపేది) అంతా సవ్యమే. ఫోల్డర్ తెరిస్తే రోజుకొకటి చొప్పున 20 బైట్ల ఫైళ్లు: ఖాళీని కుదిస్తే వచ్చే సైజు అది! స్క్రిప్టు నడిపే బాష్‌లో పైప్‌ఫెయిల్ ఆన్ చేయండి, అప్పుడు డంప్ ఫెయిలైతే మొత్తం ఫెయిలైనట్టే లెక్క. ఇంకోటి, పీజీ డంప్‌లో రోల్స్ (డేటాబేస్ యూజర్లు), పాస్‌వర్డ్‌లు రావు. పీజీ డంప్ ఆల్‌ని గ్లోబల్స్ ఓన్లీతో విడిగా నడపాలి.

ప్రశ్న అడిగినవారు:
రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) సర్వర్‌లో దూరితే బయటి కాపీనీ తుడిచేయదా?

జవాబు 3:
సర్వర్‌కి డిలీట్ హక్కు ఉంటే తుడిచేస్తుంది. బయటి మెషిన్‌లో రెస్ట్ సర్వర్‌ని (రెస్టిక్ బ్యాకప్‌లు అందుకునే ప్రోగ్రామ్) అపెండ్ ఓన్లీగా నడపండి. అప్పుడు ఇటునుంచి రాయడమే తప్ప చెరపడం కుదరదు. పాత బ్యాకప్‌లు తీసేసే ఫర్గెట్, ప్రూన్ కమాండ్‌లు అటువైపే నడవాలి: 7 రోజులవి, 4 వారాలవి, 12 నెలలవి ఉంచితే సరిపోతుంది. క్లౌడ్ అయితే ఆబ్జెక్ట్ లాక్ (గడువు దాకా చెరపనివ్వని ఏర్పాటు) చూసుకోండి.

యూఎస్‌బీ డిస్కులు రెండు పెట్టుకుని వారం వారం మార్చండి. ముందు ఇక్కడిది బయటికి చేర్చాకే అక్కడిది తేవాలి. లేకపోతే కాసేపైనా రెండూ ఒకే గదిలో ఉంటాయి. రిపాజిటరీ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఆఫీసులో కాక మరోచోట దాచండి. అది పోతే బ్యాకప్ తెరిచే దారే లేదు.

జవాబు 1 ఇచ్చినవారు:
నాస్ మాత్రం తీసేయకండి. మొత్తం నెట్‌లో వెనక్కి తెచ్చుకోవాలంటే 100 ఎంబీపీఎస్‌లో కూడా 13 గంటలు దాటుతుంది. రెస్టిక్‌లో ఉత్త చెక్ కమాండ్ రిపాజిటరీ నిర్మాణాన్నే చూస్తుంది, డేటాని చదవదు. నెలకోసారి బయటి మెషిన్‌లో దాన్ని రీడ్ డేటా సబ్‌సెట్ 5 శాతంతో (డేటాలో ఆ మేరకు చదివి చూస్తుంది) నడపండి. డంప్‌ని వేరే మెషిన్‌లో రీస్టోర్ చేసి చివరి బిల్లు నంబరు సరిపోయిందో లేదో చూడండి. ఇక అలర్ట్: ఫెయిలైతే సర్వరే మెయిల్ పంపేలా పెట్టుకుంటే, కరెంటు పోయిన సర్వర్ ఏ మెయిలూ పంపదు. 26 గంటలుగా కొత్త స్నాప్‌షాట్ (ఒక్కోసారి తీసిన బ్యాకప్) రాలేదని బయటి మెషిన్ అరవాలి.