క్రిమినల్ జస్టిస్ చదువు: ముందు ఐ-20లో కోడ్ చూడు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. అమెరికా వచ్చి వారమైంది. చిన్న కాలేజీలో క్రిమినల్ జస్టిస్ మాస్టర్స్. నాన్నగారు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ఇది చదివితే పోలీసు ఉద్యోగమో ఎఫ్‌బీఐయో వస్తుందని విజయవాడ కన్సల్టెన్సీలో చెప్పారు. నిజమేనా అన్నా? కాలేజీ మరీ చిన్నది, అదొక టెన్షన్.

——

తమ్ముడూ, పదకొండేళ్ల కిందట బెంజి సర్కిల్ దగ్గర నాకూ ఇదే కథ చెప్పారు. ఎఫ్‌బీఐకి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. పోలీసు ఉద్యోగానికీ చాలా రాష్ట్రాల్లో అదే రూలు. కాలిఫోర్నియా 2023 నుంచి ఆ నిబంధన తీసేసింది కానీ, పని చేసే అనుమతి ఉండాలి గదా. ఏడాది ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకోనిచ్చే తాత్కాలిక అనుమతి) మీద ఉన్నవాణ్ణి అకాడమీలో చేర్చుకున్న ఊరు నేనైతే చూడలేదు.

కాలేజీ చిన్నదని బెంగ వద్దు. మా క్లాసులో పద్నాలుగు మందిమే. సాక్ష్యాల పాఠం చెప్పిన సారు పాతికేళ్లు డిటెక్టివ్‌గా చేసినాయన. ఆయన ఒక్క ఫోన్ చేస్తే కౌంటీ కోర్టులో ఇంటర్న్‌షిప్ దొరికింది. అయితే జీతం లేనిదే గదా అని సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) లేకుండా మాత్రం వెళ్లకు, ముందు డీఎస్ఓని, అంటే కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని అడుగు.

అసలు చూడాల్సింది ఐ-20లో (వీసా కోసం కాలేజీ ఇచ్చిన పత్రం) మేజర్ పక్కనున్న సీఐపీ కోడ్, అంటే నీ కోర్సు ఏ విభాగమో చెప్పే నంబరు. మామూలు క్రిమినల్ జస్టిస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్టులో లేదు. చదువయ్యాక ఓపీటీ 12 నెలలే, అందులో ఖాళీగా ఉన్న రోజులు 90 దాటకూడదు. ఫోరెన్సిక్ సైన్స్, కంప్యూటర్ ఫోరెన్సిక్స్ స్టెమ్ కిందికి వస్తాయి. వాటికి ఇంకో 24 నెలలు కలుస్తాయి. మీ దగ్గర ఆ కోర్సుంటే మొదటి సెమిస్టర్‌లోనే మారిపో. నాకీ సంగతి ఓపీటీకి అప్లై చేసే రోజున తెలిసింది. ఓపీటీ ఏడాదే కాబట్టి హెచ్-1బీ (ఉద్యోగ వీసా) లాటరీ ఒక్కసారే వేయగలిగాను, తగిలింది కాబట్టి ఇక్కడున్నాను.

ఉద్యోగమంటావా, బ్యాంకుల్లో మనీ లాండరింగ్ పట్టే విభాగాలు, ఇన్సూరెన్స్ మోసాల దర్యాప్తు చూసుకో. నా పని మొదటిదే. ఇక్కడ 10,000 డాలర్లకు మించి నగదు కడితే బ్యాంకు ప్రభుత్వానికి రిపోర్టివ్వాలి. అది తప్పించుకోవాలని 9,500 చొప్పున మూడు బ్రాంచీల్లో కట్టేవాళ్లుంటారు. అలాంటివి పట్టుకుని, ఎందుకు అనుమానమో రాయడమే పని. మిర్చి యార్డులో చిట్టాలు రాసే మా బాబాయికి చెబితే "దీనికి అమెరికా పోవాలా?" అన్నాడు. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి వివరాలు వెతికే భాష) నేర్చుకో, వీలైతే తర్వాత మోసాల దర్యాప్తు నిపుణుల సీఎఫ్‌ఈ పరీక్ష రాయి.

——

తమ్ముడూ, విజయవాడ అక్కని. వెనక్కి వెళ్లే దారినీ కొట్టిపారేయకు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన మన దేశపు కొత్త నాగరిక్ సురక్ష సంహిత (క్రిమినల్ కేసుల దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే చట్టం) ప్రకారం, ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాలి. రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. ఫోరెన్సిక్ చదివితే ఆ చదువు రెండు చోట్లా పనికొస్తుంది. మీ నాన్నగారికి ఇలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది, పంచనామాలు చూసిన మనిషి గదా.

——

థాంక్స్ అన్నా, అక్కా. ఐ-20 తీసి చూశాను, 43.0104 అని ఉంది. స్టెమ్ కాదట. కంప్యూటర్ ఫోరెన్సిక్స్ మా కాలేజీలోనే ఉంది, రేపు పదింటికి డీఎస్ఓ అపాయింట్‌మెంట్ దొరికింది. నాన్నకి ఇంకా చెప్పలేదు.